పెళ్ళికి కామందు అనుమతి - టస్కనీ విల్లాల వెనక కథ

పెళ్ళి చేసుకోవాలంటే ఎవరెవరి అనుమతి కావాలి? అమ్మానాన్నలది సరే. మేనేజర్‌ది కావాలి (రిలీజు వారంలో ముహూర్తం పెట్టుకున్న మహానుభావులకి ఈ బాధ తెలుసు). ఈ మధ్య కొత్తగా వీసా ఆఫీసర్‌ది కూడా కావాల్సొస్తోంది, పెళ్ళి ఇటలీలో పెట్టుకుంటున్నాం కాబట్టి. ఆ ఇటలీలోనే, టస్కనీ పల్లెల్లో, ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా ఈ జాబితాలో ఇంకొకడు ఉండేవాడు. భూమి యజమాని. పాలుకి సేద్యం చేసే రైతు తన కొడుక్కి పెళ్ళి చెయ్యాలంటే ముందు కామందు దగ్గరికెళ్ళి అడగాలి. అది మర్యాద కోసం కాదు, ఒప్పందంలో షరతు.

ఇప్పుడు మనవాళ్ళు పెళ్ళిళ్ళకి అద్దెకి తీసుకుంటున్నవి ఆ కామందుల విల్లాలూ, ఆ రైతుల ఇళ్ళూనే. అందుకని ఈ చరిత్ర చెప్పాలనిపించింది.

మా పెదనాన్నగారబ్బాయి డాలస్‌లో ఉంటాడు. పెళ్ళి టస్కనీలో అని తేల్చేశాడు. వేదికల జాబితా తయారుచేసే పని నా నెత్తిన పడింది. "ఒక ఎక్సెల్ షీటు చెయ్యరా, రేటు, గదులు, వానొస్తే లోపల చోటుందా, అంతే" అన్నాడు. షీటు మొదలుపెట్టాను. ప్రతి విల్లా వాళ్ళూ పంపే కాగితంలో "పదహారో శతాబ్దపు అసలు సిసలు రైతు ఇల్లు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ రైతు ఎవరో, ఎక్కడికెళ్ళాడో ఒక్కళ్ళూ రాయరు. చూద్దామని పుస్తకాలు తిరగేస్తే షీటు పక్కకి పోయింది, ఇది మిగిలింది.

అసలు విల్లా అంటే ఏంటి?

మన హైదరాబాదులో గేటెడ్ కమ్యూనిటీలో మూడంతస్తుల ఇల్లుంటే విల్లా అంటాం. రోమన్లకి విల్లా అంటే ముందు పొలం. ఇల్లు ఆ తరవాత. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో కాటో అనే పెద్దమనిషి సేద్యం గురించి ఒక పుస్తకం రాశాడు. ముసలి ఎడ్లనీ, ముసలి బానిసనీ, రోగిష్టి బానిసనీ అమ్మేయమని అందులో సలహా ఇచ్చాడు, పాత బండినీ పాత పనిముట్లనీ అమ్మేయమన్న వరసలోనే. యజమాని ఉండే భాగానికి ఒక పేరు, పనివాళ్ళూ పశువులూ ఉండే భాగానికి ఒక పేరు, ధాన్యం, నూనె, ద్రాక్ష సారా దాచే భాగానికి ఇంకో పేరు. మూడూ కలిపితే విల్లా.

కాటో తరవాత రెండున్నర శతాబ్దాలకి చిన్న ప్లినీ అనే లాయరు వచ్చాడు. ఈయనకి కోమో సరస్సు దగ్గర ఇళ్ళున్నాయి, టస్కనీ వైపు టైబర్ నది ఎగువన పెద్ద విల్లా ఉంది. దాని గురించి స్నేహితుడికి రాసిన ఉత్తరం చదివితే ఇప్పటి వెడ్డింగ్ ప్లానర్ పంపే కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. కొండగాలి, ద్రాక్ష పందిళ్ళు, నీళ్ళతొట్టి చుట్టూ కూచుని భోజనం, ఆ నీళ్ళమీద పడవల్లాగా, పక్షుల్లాగా చేసిన పళ్ళేలు తేలుతూ రావడం (మన కేటరింగ్ వాళ్ళకి ఈ ఐడియా ఎవరూ చెప్పకండి, ప్లేటుకి ఇంకో వెయ్యి పెంచుతారు).

ఇదే ప్లినీ ఇంకో ఉత్తరంలో తన కౌలుదార్ల గురించి రాశాడు. కొంత మాఫీ చేసినా వాళ్ళ బాకీ పెరుగుతూనే ఉందట. ఎలాగూ తీర్చలేమని తెలిశాక, దాచి ప్రయోజనం లేదని పండింది పండినట్టు తినేస్తున్నారట. దీనికి ఆయన ఆలోచించిన విరుగుడు: ఇకనించి డబ్బు రూపంలో కౌలు వద్దు, పంటలో పాలు తీసుకుంటాను, కాపలాకి మనుషుల్ని పెడతాను అని. మన సగపాలు కథకి మొదటి పేజీ ఇదేననిపించింది నాకు. సగం అని ఆయన చెప్పలేదు, కానీ లెక్క అటే పోతోంది.

సగపాలు

పదమూడో శతాబ్దం నించి టస్కనీలో ఈ పద్ధతి స్థిరపడింది. పేరు మెజ్జాద్రియా. మెజ్జో అంటే సగం. నగరంలో బట్టల వ్యాపారమో వడ్డీ వ్యాపారమో చేసి సంపాదించినవాడు పల్లెలో భూమి కొని, దాన్ని ఒక్కో కుటుంబం సేద్యం చెయ్యగలిగినంత ముక్కలుగా విడగొట్టేవాడు. ఒక్కో ముక్కలో ఒక ఇల్లు. ఆ ముక్క పేరు పొదేరె. భూమీ ఇల్లూ యజమానివి, రెక్కల కష్టం రైతు కుటుంబానిది. పంట చెరి సగం.

వినడానికి న్యాయంగానే ఉంది కదా. మా తాతయ్య కూడా తెనాలి వైపు సగం పాలుకే చేసేవాడు, కాబట్టి ఆ "చెరి సగం" ఎలా ఉంటుందో ఇంట్లో వింటూ పెరిగాను. కళ్ళంలో కొలత కొలిచేటప్పుడు కామందు గుమాస్తా నిలబడే ఉంటాడు. కొలత అయ్యాక విత్తనాల అప్పు, దాని మీద వడ్డీ, పండక్కి పంపాల్సినవి. అన్నీ పోగా ఇంటికొచ్చేది సగంలో ఎంతో మా నాయనమ్మకి తెలుసు. టస్కనీలో గుమాస్తాని ఫత్తోరె అనేవాళ్ళు. పదీ ఇరవై పొదేరెలు అతని చేతికింద ఉండేవి. ఏడాది చివర లెక్క పుస్తకంలో బాకీ తేలేది. కామందుకి క్రిస్మస్‌కి కోళ్ళూ, ఫలానా పండక్కి ఇన్ని గుడ్లూ అని ఒప్పందంలోనే రాసుండేది. ఒప్పందం చాలా చోట్ల ఏడాదికే. నచ్చకపోతే నోటీసు, ఇల్లు ఖాళీ చెయ్యాలి. తరాల తరబడి ఉన్న ఇల్లయినా సరే.

మరి పెళ్ళికి అనుమతి ఎందుకు? ఇది ఐటీలో ఉన్న మనకి ఇట్టే అర్థమవుతుంది. హెడ్ కౌంట్! ఒక పొదేరెకి ఇన్ని చేతులు కావాలి, ఇన్ని నోళ్ళకి మించి సరిపోదు అని కామందు దగ్గర ఒక అంచనా ఉంటుంది. కొడుక్కి పెళ్ళయితే పనికి ఒక మనిషి పెరుగుతుంది, కానీ తరవాత పిల్లలు, అంటే తినే నోళ్ళు. కూతురికి పెళ్ళయితే రెండు చేతులు తగ్గుతాయి. కాబట్టి ఎవరి పెళ్ళి ఎప్పుడన్నది కామందుకి పనికొచ్చే లెక్క. ఇంటి పెద్దని కాపోచ్చా అనేవాళ్ళు. ఆయన టోపీ చేతిలో పట్టుకుని వెళ్ళి అడగాలి. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చూద్దాం అంటే ఆగాల్సిందే. కాదని పెళ్ళి చేస్తే వచ్చే ఏడు ఒప్పందం ఉండకపోవచ్చు. కుటుంబం మరీ పెద్దదైతే విడిపోవాలి, లేదా ఇంకా పెద్ద పొదేరె వెతుక్కుని మూటాముల్లె సర్దుకోవాలి.

కామందుల ఇంట్లో పెళ్ళి

అదే సమయంలో నగరంలో పెళ్ళిళ్ళు ఎలా ఉండేవో చూద్దాం. ఫ్లోరెన్స్‌లో పదిహేనో శతాబ్దపు పెళ్ళి ఒక్కరోజు తంతు కాదు. మొదట రెండు కుటుంబాల మగవాళ్ళు చేతులు కలిపి మాట ఇచ్చుకుంటారు. తరవాత నోటరీ ముందు ఒప్పందం, అంటే మన లగ్నపత్రికా తాంబూలాలూ అనుకోండి. ఇంకోరోజు అమ్మాయి ఇంట్లో ఉంగరం తొడగడం. చివర్న ఊరేగింపుగా అమ్మాయి అత్తగారింటికి. పూజారి ఎక్కడా తప్పనిసరి కాదు. చర్చి పూజారీ, సాక్షులూ ఉంటేనే పెళ్ళి చెల్లుతుందని 1563లో ట్రెంట్ సభలో తీర్మానించాకే అది నియమమైంది.

ఇక కట్నం. ఇక్కడ మనం ఫ్లోరెన్స్ వాళ్ళని చూసి ఏమాత్రం నవ్వలేం. 1425లో ఫ్లోరెన్స్ ప్రభుత్వం ఏకంగా కట్నాల నిధి ఒకటి పెట్టింది. యుద్ధాల అప్పుల్లో మునిగున్న ప్రభుత్వానికి డబ్బు కావాలి, ఆడపిల్లల తండ్రులకి కట్నం కావాలి. కూతురు చిన్నగా ఉండగానే 100 ఫ్లోరిన్లు కడితే పదిహేనేళ్ళకి 500 అవుతాయి. ఏడున్నరేళ్ళ పథకమైతే 250. నేను లెక్క కట్టి చూశాను. పదిహేనేళ్ళ దానికి చక్రవడ్డీ ఏడాదికి 11.3 శాతం, ఏడున్నరేళ్ళ దానికి దాదాపు 13 శాతం. మన పీఎఫ్ కంటే నయం! కాకపోతే మొదట్లో ఒక మెలిక ఉండేది. పిల్ల పెళ్ళికి ముందే చనిపోతే కట్టిన డబ్బు ప్రభుత్వానికే. తండ్రులు వెనకాడుతుంటే 1433లో దాన్ని సవరించి, అసలు తిరిగిస్తామన్నారు. పెళ్ళయితే డబ్బు వెళ్ళేది అమ్మాయికి కాదు, అల్లుడికి. కట్నం సరిపోని ఇళ్ళలో అమ్మాయిలు కాన్వెంటుకి వెళ్ళేవాళ్ళు. అక్కడ కూడా డబ్బు కట్టాలి, కాకపోతే తక్కువ.

1469 జూన్‌లో లొరెంజో దె మెడిచి పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు క్లారిచె ఒర్సీని, రోము అమ్మాయి, కట్నం 6000 ఫ్లోరిన్లు. రోములో అసలు పెళ్ళి తంతు పెళ్ళికొడుకు లేకుండానే, అతని తరఫు ప్రతినిధితో అయిపోయింది (జూమ్‌లో నిశ్చితార్థాలు చేసుకున్న మనకి ఇదీ వింత కాదు). తరవాత ఫ్లోరెన్స్‌లో మెడిచి మేడలో మూడు రోజులు అయిదు విందులు. చుట్టుపక్కల ఊళ్ళ నించి దూడలు, కోళ్ళు, బాతులు, చేపలు, సారా కానుకలుగా వచ్చాయి. కానుకలంటే ఎలాంటి కానుకలో తెలంగాణ వాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. నిజాం కాలంలో గడీలో పెళ్ళయితే ఊరు ఊరంతా ఏమేం మోసుకెళ్ళి ఇవ్వాల్సొచ్చేదో వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు.

పెళ్ళి మేడలో అయినా మెడిచీలకి విల్లాలంటే ప్రాణం. కరెజ్జి, కఫజ్జోలో, పొజ్జో ఆ కయానో. చివరిదాన్ని లొరెంజో కోసం జూలియానో ద సంగాల్లో కట్టాడు. 2013లో మెడిచి కుటుంబం వాళ్ళ 12 విల్లాలనీ 2 తోటలనీ కలిపి యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఈ విల్లాలు విశ్రాంతికీ విలాసానికీ కట్టినవే, కానీ చుట్టూ పొలాలు లేకుండా ఏ విల్లా కూడా నడవలేదు. బొమ్మలు గీసినవాళ్ళకీ, కవులకీ ఇచ్చిన డబ్బులో బ్యాంకు లాభం ఎంతో, సగపాలు ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

50, 53, 58

ఆరేడు వందల ఏళ్ళు నడిచిన పద్ధతి ఎలా పోయింది? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక టస్కనీ రైతులు ఎదురుతిరిగారు. క్రిస్మస్ కోళ్ళు కామందుకి ఇవ్వకుండా ఆసుపత్రులకి ఇచ్చిన ఊళ్ళున్నాయి. 1947లో కుదిరిన ఒడంబడికతో రైతు పాలు 50 నించి 53 శాతమైంది. మూడు శాతం కోసం అంత గొడవా అనిపిస్తుంది. కానీ యాభైని కదపొచ్చు అని రుజువైంది కదా, అదీ సంగతి. 1964లో వచ్చిన చట్టం పాలుని 58 చేసింది. దాంతోపాటు కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోకూడదంది. పాతవి మాత్రం నడుస్తాయి. మన భాషలో డెప్రికేట్ చేశారన్నమాట. పాతవాటిని మామూలు కౌలుకి మార్చే చట్టం 1982లో వచ్చింది. డెప్రికేషన్‌కీ మైగ్రేషన్‌కీ మధ్య పద్దెనిమిదేళ్ళు! మన ప్రాజెక్టులే నయం.

కానీ చట్టం వచ్చేటప్పటికే జనం వెళ్ళిపోతున్నారు. 1950ల్లో, 60ల్లో ఫ్లోరెన్స్, ప్రాతో, మిలాన్ ఫ్యాక్టరీలు పిలిచాయి. నెల జీతం, ఇంట్లో నీళ్ళ కుళాయి, అన్నిటికంటే ముందు పెళ్ళికి ఎవరినీ అడగక్కర్లేదు. పొదేరెల్లో ఉన్న కుర్రాళ్ళకి పిల్లనివ్వడం మానేశారు. భూమి దున్నేవాడికి పిల్లనివ్వం అన్న మాట మన ఊళ్ళలో ఇప్పుడు వింటున్నాం, వాళ్ళు డెబ్భై ఏళ్ళ కిందటే విన్నారు. ఇళ్ళు వేలల్లో ఖాళీ అయ్యాయి. పైకప్పులు కూలాయి, తోటల్లో ముళ్ళకంపలు పెరిగాయి.

ఆ ఖాళీ ఇళ్ళని ముందు ఇంగ్లీషువాళ్ళు, జర్మన్లు కారు చవగ్గా కొనుక్కున్నారు. కియాంతి ప్రాంతానికి కియాంతిషైర్ అని వెటకారపు పేరు కూడా వచ్చింది. 1985లో రైతులు తమ ఇళ్ళలో అతిథుల్ని పెట్టుకోవడానికి అనుమతిస్తూ ఇటలీ చట్టం చేసింది. 1996లో ఒక అమెరికా రచయిత్రి కొర్తోనాలో పాత ఇల్లు కొని బాగుచేసుకున్న కథ రాసింది, 2003లో అది సినిమాగా వచ్చింది. ఇక ఆగలేదు.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఫొటోల్లో వెనకాల కనిపించే ఆ దువ్వినట్టుండే ద్రాక్షతోటల వరసలు "వందల ఏళ్ళ నాటివి" అని ప్లానర్లు చెప్తారు. చాలావరకు కాదు. సగపాలు కాలంలో ద్రాక్ష తీగలు చెట్లమీదికి పాకేవి, ఆ వరసల మధ్య గోధుమ, పక్కన ఆలివ్, అన్నీ కలిపి పండించేవాళ్ళు. ఎందుకంటే ఆ కుటుంబం ఆ ముక్క మీదే బతకాలి. ఒట్టి ద్రాక్షే వేసిన పెద్ద పెద్ద తోటలు ఎక్కువగా 1960ల తరవాత, రైతులు పోయి ట్రాక్టర్లు వచ్చాక వచ్చినవి.

కళ్ళంలో మండపం

ఇక మన పెళ్ళిళ్ళు. 2017 డిసెంబర్‌లో విరాట్ కోహ్లీ, అనుష్క శర్మ పెళ్ళి సియెనా దగ్గర బోర్గో ఫినోక్కియెతోలో జరిగింది. 2018 నవంబర్‌లో దీపిక, రణ్‌వీర్‌ల పెళ్ళి కోమో సరస్సు ఒడ్డున విల్లా దెల్ బాల్బియానెల్లోలో. అది టస్కనీ కాదు, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఒక కార్డినల్ కట్టించుకున్న విల్లా. చివరి యజమాని గుయిదో మోంజీనో, 1973లో ఎవరెస్టు ఎక్కిన ఇటలీ బృందానికి నాయకుడు, దాన్ని ఒక వారసత్వ సంస్థకి రాసిచ్చేశాడు. 2023 నవంబర్ 1న మన వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠిల పెళ్ళి మళ్ళీ సియెనా జిల్లాలోనే, కియాంతిలోని బోర్గో సాన్ ఫెలిచెలో.

బోర్గో అంటే ఏంటో తెలుసా? చిన్న పల్లె. అంటే అద్దెకిస్తున్నది ఇల్లు కాదు, ఊరు. ఊళ్ళో ఊరివాళ్ళు లేరు కాబట్టే ఊరు మొత్తం అద్దెకి దొరుకుతోంది.

నేను షీటులో పెట్టిన విల్లాల నక్షాలు ఇప్పుడు ఇంకోలా కనిపిస్తున్నాయి. "రాతి కమానుల భోజనశాల" అని రాసింది పశువుల కొట్టం. టస్కనీ రైతు ఇంట్లో కింద పశువులు, పైన మనుషులు, మధ్యలో బయటి మెట్లు. చలికాలం కిందనించి పశువుల వెచ్చదనం పైకొచ్చేది. "సూర్యాస్తమయ వేదిక" అని రాసింది కళ్ళం. వాళ్ళ భాషలో ఆయా. ఇంటిముందు రాళ్ళు పరిచిన చదును. మండపం వెయ్యడానికి అంతకంటే అనువైన చోటు లేదు, ప్లానర్లందరూ అదే చూపిస్తారు. నూర్పిళ్ళప్పుడు ఫత్తోరె నిలబడి సగం కొలిపించుకున్నది అక్కడే.

ఇదంతా అన్నయ్యకి చెప్తే "నీకెందుకురా ఈ గోల, రేటు చెప్పు చాలు" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. రైతులు తమంతట తామే, సంతోషంగానే వెళ్ళిపోయారు. విల్లాలు అద్దెకిస్తే కప్పులు నిలబడుతున్నాయి, వంటవాళ్ళకీ తోటమాలులకీ జీతాలొస్తున్నాయి. ఎవరినీ వెళ్ళగొట్టి మనం పెళ్ళి చేసుకోవట్లేదు. అలాంటప్పుడు అక్కడ పెళ్ళి చేసుకోవడం తప్పని నేను అనను.

నాకు పట్టింపు ఇంకో చోట ఉంది. ఈ పెళ్ళికి ఎవరు రాగలరు? షెంగెన్ వీసా కావాలి. దానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, సెలవు పత్రం, భీమా. మా బంధువుల్లో నాలాంటి జీతగాళ్ళకి ఇవన్నీ ఉన్నాయి. తెనాలి పక్కన ఇప్పటికీ నోటిమాట కౌలుమీద సేద్యం చేసే మా బాబాయికి ఏమున్నాయి? భూమి తనది కాదు, కౌలు కాగితం లేదు, రిటర్ను లేదు. కౌలు చట్టాలు హైదరాబాదు రాష్ట్రంలో 1950లో, ఆంధ్ర ప్రాంతంలో 1956లో వచ్చాయి కానీ ఆయన దాకా కాగితం రాలేదు. ఆస్తి చూపించమంటే ఏం చూపిస్తాడు? అంటే, సగపాలు రైతు ఇంట్లో జరిగే పెళ్ళికి పాలు రైతు ఒక్కడే రాలేడు. చట్టం సంగతి కూడా చెప్పుకుంటే, ఇటలీలో తంతు ఎంత ఘనంగా చేసినా రిజిస్ట్రేషన్ విడిగా చూసుకోవాలి. 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద రాయబార కార్యాలయంలో చేసుకోవాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు. అందుకే చాలామంది ఆ పని ఇక్కడే కానిచ్చేస్తారు. ఎలాగూ ఒక పని ఇక్కడ చేస్తున్నప్పుడు ఊళ్ళో ఒకపూట భోజనాలు పెట్టడం పెద్ద కష్టమా అని అడిగాను. నాయనమ్మ అయితే నేను అడగక్కర్లేకుండానే అడిగేసింది.

అన్నయ్య ఒప్పుకున్నాడు, తెనాలిలో రెండు రోజులు, తరవాత టస్కనీ. షీటులో ఒక నిలువు వరస కూడా ఎక్కువ పెట్టాను: ఈ ఇంట్లో చివరగా ఉన్న రైతు కుటుంబం ఎప్పుడు వెళ్ళింది, వాళ్ళ ఇంటిపేరేంటి అని. ఏడు చోట్లకి రాసి అడిగాను. రెండు చోట్ల నించి జవాబు రాలేదు. నాలుగు చోట్ల వాళ్ళు తెలీదన్నారు. ఒకావిడ మాత్రం, ఆ ఇంట్లో పుట్టినాయన కింద ఊళ్ళోనే ఉన్నాడు, ఎనభై దాటాయి, కావాలంటే పెళ్ళికి పిలవండి అని రాసింది. రేటు మిగతావాటికంటే పదిహేను శాతం ఎక్కువే. నా ఓటు మాత్రం దానికే వేశాను.